ఎజెలినా అవ్వ తాళం

సెప్టెంబర్ 3

ఈ రోజుతో కపలమూలలో రెండో ఏడు మొదలయింది. నిరుడు రాసుకున్న నోటుపుస్తకాన్ని చెదలు తినేశాయి. పీడా పోయింది, అందులో ఏడుపు తప్ప మరేమీ లేదు. ఈ కొత్తది మలీటా కొనిచ్చింది. నేనుంటున్న ఇల్లు ఆవిడదే. మొగుడు పోయి ఆరేళ్లు, సంతలో మందాసీలనే పిండి ఉండలు నూనెలో వేయించి అమ్ముకుంటుంది. తన గురించి మంచిగా రాయమని షరతు పెట్టింది. సరే, రాస్తున్నాను. మలీటా చేతి గుమ్మడాకు కూర అమృతం. మలీటా నోరు చెవిలో జోరీగ.

నాన్నకు వాయిస్ మెసేజ్ పంపాను. అక్కడ కిట్గుమ్‌లో ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద కూర్చుని నా మెసేజ్ అందరికీ వినిపిస్తాడట. నలభై ఏళ్లు బోరింగులు బాగుచేసిన మనిషి. యుద్ధం రోజుల్లో మేము తలదాచుకున్న శిబిరంలో అంత జనానికీ మూడే పంపులుంటే, ఆ మూడూ ఆయన చేతి మీదే నడిచాయి. నాకు పని నేర్పింది కూడా ఆయనే. ఉగాండా నుంచి మలావీ దాకా వచ్చి, జీతం లేకుండా అదే పని చేస్తున్నానని ఆయనకు కొండంత గర్వం. నాకూ కొంచెం ఉంది. డైరీలోనే కదా, రాసుకోవచ్చు.

సెప్టెంబర్ 6

ఎజెలినా అవ్వతో మళ్లీ గొడవ.

ఈ ఊరి బోరింగు కమిటీకి ఆవిడే పెద్ద. అరవై ఎనిమిదేళ్లు. తెల్లారగానే గొలుసు తీస్తుంది, ఎండ కాస్త ముదిరిందో లేదో మళ్లీ పంపు చేతికి గొలుసు చుట్టి తాళం వేస్తుంది. ఇక మేకలు ఇళ్లకు మళ్లే వేళకే తీయడం. తాళంచెవి నడుముకు చుట్టుకునే గుడ్డ, చితెంజె, కొంగున ముడి వేసి ఉంటుంది. పురిటి ఇంటివాళ్లు వచ్చినా, చావు ఇంటివాళ్లు వచ్చినా మాట్లాడకుండా తీస్తుంది. మిగతావాళ్లు ఎవరైనా సరే కూర్చోవాల్సిందే.

ఈ రోజు మామిడి చెట్టు కింద తొమ్మిదిమంది ఆడవాళ్లు ఖాళీ బకెట్లతో కూర్చుని ఉన్నారు. ఒకామె పిల్లకు పాలిస్తోంది. నాకు ఒళ్లు మండింది. ఎందుకవ్వా ఈ తాళం అంటే, "నీళ్లు కూడా కాసేపు కూర్చోవాలి అమ్మాయ్" అంది. అదీ జవాబు! నా దగ్గర కాగితం ఉంది. ఈ బోరులో గంటకు ఎన్ని నీళ్లు ఊరతాయో మార్చిలో మా సంస్థవాళ్లు కొలిచి రాసిన కాగితం. రోజంతా కొట్టినా ఢోకా లేదని అందులో స్పష్టంగా ఉంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఈ జిల్లాలో నేను ఇరవై ఏడు బోరింగులు చూశాను. గట్టు మీద అన్నం పెట్టుకుని తినేంత శుభ్రంగా ఉన్నది ఇదొక్కటే. రోజూ ఆవిడే వంగి చీపురుతో కడుగుతుంది. ఊరి పెద్దగారి మేక గట్టెక్కితే ఆయన చేతే గట్టు కడిగించిందట.

వస్తుంటే ఎప్పటిలాగే అడిగింది, మీ నాన్నకు నా గురించి చెప్పావా అని. చెప్పానన్నాను. నిజమే, చెప్పాను. తాళంచెవి వదలని ముసలావిడ ఒకతె ఉందని చెప్పాను.

సెప్టెంబర్ 11

గెలిచాను!

ఊరి పెద్ద ఇంటి ముందు అందరినీ కూర్చోబెట్టి కాగితం చదివి వినిపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పదునైన మంగలి కత్తి కొత్తగా వచ్చినవాళ్ల దగ్గరే ఉంటుందని మన పెద్దలన్నారు" అన్నాడు. ఆడవాళ్లందరూ గొల్లున అరిచి చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మలీటా.

ఎజెలినా అవ్వ ఒక్క మాట కూడా అనలేదు. కొంగు ముడి విప్పి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో తాళంచెవి ఊరి పెద్దకు అందించింది. వాదిస్తుందనుకున్నాను. నాలుగు మాటలు సిద్ధం చేసుకుని కూడా వెళ్లాను.

గొలుసు లేని బోరింగు ఫోటో నాన్నకు పంపాను.

సెప్టెంబర్ 14

నాన్న మెసేజ్. నాలుగు నిమిషాలు. చర్చి మెట్ల మీద అందరూ విన్నారట, పాస్టరుగారు నా పేరు పెట్టి ప్రార్థన చేశారట. "తాళం తీయించడం పంపు బిగించడం కంటే కష్టం బిడ్డా" అన్నాడు. మూడుసార్లు విన్నాను.

సెప్టెంబర్ 27

పొద్దుటి నుంచి చీకటిపడే దాకా బోరింగు చప్పుడు ఆగడం లేదు. వినడానికి ఎంత బాగుందో. ఇటుకలు కోసేవాళ్లు కూడా సైకిళ్ల మీద డబ్బాలు కట్టుకుని వస్తున్నారు. ఇక్కడ ఇది ఎండాకాలం కదా, ఇళ్లు కట్టుకునే వేళ. అందరికీ నీళ్లున్నాయి.

అవ్వ ఇప్పటికీ పొద్దున్నే వచ్చి గట్టు కడిగి, పక్కన రాయి మీద కూర్చుంటుంది. పెదవులు కదుపుతూ ఉంటుంది. ప్రార్థన కాబోలు. నాతో మామూలుగానే మాట్లాడుతుంది. నా గురించి చెప్పావా అని అడుగుతుంది.

అక్టోబర్ 9

బోరింగు చేయి కాస్త వదులుగా ఆడుతోంది. లోపల రబ్బరు అరిగింది, మార్చాను. నీళ్లు కొంచెం తెల్లగా వస్తున్నాయి. ఎండలకు అలాగే ఉంటుంది.

అక్టోబర్ 12

నాన్న ఫోన్. బోరింగు ఎలా ఉందన్నాడు. బాగుందన్నాను.

అక్టోబర్ 17

మళ్లీ రబ్బరు. ఎనిమిది రోజుల్లో రెండోది. విప్పి చూస్తే రంపంతో కోసినట్టు ఉంది.

ఎండలకు.

అక్టోబర్ 21

ఆగిపోయింది.

అక్టోబర్ 22

పైపులు పైకి లాగించాను. అడుగు పైపు పగిలింది, దాన్నిండా ఇసుక. బోరు అడుగున నిలువెత్తు ఇసుక పేరుకుంది. రోజంతా ఊపిరాడనీయకుండా లాగితే నీళ్లతో పాటు ఇసుక కూడా వచ్చేసింది. మార్చి అంటే ఇక్కడ వానలు అప్పుడే వెనకబట్టిన నెల. నేల నిండా నీళ్లుంటాయి. అప్పుడు కొలిచిన కొలత సెప్టెంబర్‌కు పనికిరాదని పదేళ్ల పిల్లకైనా తెలుస్తుంది. నాకు నాన్న ఎప్పుడో చెప్పాడు.

ఆవిడకు తెలిసే ఉంటుంది. తెలిసి కూడా ఆవిడ నాకు చెప్పలేదు.

అక్టోబర్ 23

ఆడవాళ్లు ఏటికి వెళ్తున్నారు. ఏరంటే ఇసుకే. అందులో గుంటలు తవ్వి, చిప్పతో తోడి, బకెట్ నింపడానికి పొద్దెక్కిపోతుంది. పశువులు తాగేదీ అక్కడే. నేనూ వెళ్లాను. నెత్తి మీద బకెట్‌తో ఇంటికి చేరేసరికి సగం ఒలికి వీపంతా తడిసింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

పైపు కోసం ఆఫీసుకు ఫోన్ చేశాను. వస్తుందన్నారు.

అవ్వ ఇల్లిల్లూ తిరిగి, ఏటి నీళ్లు కాచి తాగమని చెబుతోంది. ఈ మాట చెప్పడానికి మాత్రం నోరుంది. ఆ మాట చెప్పలేదు.

అక్టోబర్ 25

నాన్న మెసేజ్. చర్చిలో ఎవరో అడిగారట, మీ అమ్మాయి బోరింగు ఎలా ఉందని. బాగుందని పంపాను. అబద్ధం ఆడాలని కాదు. ఆయనకు బీపీ ఉంది.

అక్టోబర్ 26

మలీటాకు తెల్లవారుజాము నుంచి విరేచనాలు. పొయ్యి మీద నూనె పెట్టుకుని ఎండలో నిలబడే మనిషి, దాహమేసి కాచని నీళ్లే తాగేసింది. మధ్యాహ్నానికి కళ్లు లోపలికి పోయాయి. సైకిల్ వెనక కూర్చోబెట్టి, పడిపోకుండా నా చితెంజెతో తొక్కేవాడి నడుముకు కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాం. వెనక నేను పరిగెత్తాను. సెలైన్ ఎక్కిస్తున్నారు. పక్క ఊళ్ల నుంచి ఇంకో ముగ్గురున్నారు.

ఆవిడ చెప్పలేదు. ఒక్క మాట చెప్పి ఉంటే!

అక్టోబర్ 28

నాలుగో సీసా. ఈ రోజు మలీటా కళ్లు తెరిచి నన్ను చూసింది. ఎంతసేపో చూసి, మెల్లగా, "నీ కాగితం తెచ్చావా?" అంది. ఎందుకన్నాను. "విసురుకుందామని. ఉక్కగా ఉంది" అంది.

బయటికొచ్చి గోడ పక్కన కూర్చుని ఏడ్చాను. బతుకుతుంది.

అక్టోబర్ 30

అవ్వ ఇంటికి వెళ్లాను. గుమ్మం బయట నిలబడి "ఓడీ" అని పిలిచాను. చాప వేసింది. కూర్చున్నాను. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చాప వంకే చూశాను. నీళ్లు ఇచ్చింది, కాచి చల్లార్చినవి.

నాకెందుకు చెప్పలేదవ్వా అని అడిగాను. అడగాలనుకున్నది కోపంగా. గొంతు అలా రాలేదు.

అవ్వ నిదానంగా చెప్పింది. పొద్దున్నే ముప్పైసార్లు కొడితే బకెట్ నిండుతుంది. కొడుతున్న కొద్దీ నీళ్లు కిందికి దిగి ముప్పై అయిదవుతుంది, నలభై అవుతుంది. నలభై అయిదు దాటిందంటే తాళం. వానాకాలంలో అసలు తాళమే వేయదు. మే నెలలో పొద్దు వాలాక వేస్తుంది, సెప్టెంబర్‌కు ఎండెక్కగానే వేస్తుంది. గడియారం చూసి కాదు. రాయి మీద కూర్చుని లెక్కపెట్టి. పదకొండేళ్లుగా, రోజూ.

నేను ప్రార్థన అనుకున్నది ఇదన్నమాట.

"పెద్దాయన ముందు నువ్వు మాట్లాడేశాక, వచ్చినమ్మాయిని నలుగురిలో కాదనకూడదు. అది మా పద్ధతి. కానీ తరవాత నీ గుమ్మంలోకి వచ్చి చెప్పాల్సింది. అది నా తప్పు" అంది. చాప అంచు సర్దుతూ, "నీ కత్తి పదునైందే అమ్మాయ్. తల తడపకుండా వంచింది మేము" అంది.

లేచి లోపలికి వెళ్లి ఒక మూట తెచ్చి నా ముందు విప్పింది. రబ్బరు వాషర్లు, ఆరు. కొత్తవి. తాళం తీసిన మర్నాడే పట్నం వరకు నడిచి వెళ్లి తెచ్చిందట. ఎలాగూ కావాల్సి వస్తాయని.

ఈ నోటుపుస్తకంలో ఎన్నిసార్లు రాశాను, ఆవిడ చెప్పలేదు, ఆవిడ చెప్పలేదు అని! ఇప్పుడు సరిగా రాస్తున్నాను. నేను అడగలేదు. ఏడాది పాటు ఆవిడ పక్క నుంచి నడిచి వెళ్లాను. పెదవులు ఎందుకు కదుపుతున్నావని ఒక్కసారి అడగలేదు.

నవంబర్ 2

మలీటా ఇంటికొచ్చింది. సగమైపోయింది. నోరు మాత్రం తగ్గలేదు, దేవుడికి దండం.

పైపు వచ్చింది. పని మొదలుపెడదామంటే పక్క వీధిలో ఒక తాత పోయాడు. మట్టి అయ్యేదాకా ఊళ్లో ఎవరూ గునపం పట్టరు. నాకు కాలు నిలవలేదు. అవ్వ మాత్రం చావు ఇంట్లో కూర్చుని పాడుతోంది. నేనూ వెళ్లి కూర్చున్నాను.

నవంబర్ 6

ఇసుక తోడుతున్నాం. అడుగున మూత ఉన్న ఇనుప గొట్టాన్ని తాడుకు కట్టి బోరులోకి వదలడం, అది ఇసుక మింగాక పైకి లాగడం. ఒక్కో లాగుడుకు వచ్చేది గుప్పెడు. పదహారు మంది ఆడవాళ్లు వంతులు వేసుకుని లాగుతున్నారు. అవ్వ పాట అందుకుంటుంది, మిగతావాళ్లు తిరిగి పాడేసరికి తాడు పైకొస్తుంది. నా చేతుల్లో తోలు లేచిపోయింది. అవ్వ చూసి, గుడ్డ చుట్టి, మళ్లీ తాడు నా చేతికే ఇచ్చింది.

మా నాన్న లాంటి మనుషులు ప్రపంచంలో ఇక లేరని అనుకునేదాన్ని. ఉన్నారు. అరవై ఎనిమిదేళ్ల వయసులో, కాళ్లకు చెప్పులైనా లేకుండా, బోరు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వచ్చిన ఇసుకను వేళ్ల మధ్య నలిపి ఇంకెంత ఉందో చెబుతారు. ఇంకో రెండు రోజులంది. ఖచ్చితంగా రెండు రోజులే పట్టింది.

(ఈ ఆఖరి వాక్యం ఎనిమిదిన చేర్చాను.)

నవంబర్ 9

నీళ్లు! మొదట ఎర్రగా, తరవాత తెల్లగా, సాయంత్రానికి తేటగా.

ఊరి పెద్ద అందరి ముందూ తాళంచెవి తిరిగి అవ్వకు ఇచ్చాడు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. అవ్వ దాన్ని కొంగున ముడి వేసుకుని, చీపురు తీసుకుని గట్టు కడగడం మొదలుపెట్టింది.

నాన్నకు ఏమీ పంపలేదు. బీపీ.

నవంబర్ 10

మధ్యాహ్నం అవ్వ వచ్చింది. చర్చికి వేసుకునే తెల్ల జాకెట్టు, చేతిలో నాలుగు మామిడిపళ్లు. మీ నాన్నతో ఈ రోజు నేనే మాట్లాడతానంది. నా ఫోన్లో బ్యాలెన్స్ లేదన్నాను. గోడకు ఆనుకుని కూర్చున్న మలీటా తన ఫోన్ చాప మీద పెట్టి, "నాదాంట్లో ఉంది. నెంబరు నొక్కు" అంది.

నొక్కాను. స్పీకర్ పెట్టాను.

అవ్వ ఫోన్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, దోసిళ్లతో మెల్లగా చప్పట్లు చరిచి నాన్నను పలకరించింది. అది కనబడదవ్వా అన్నాను. వినబడుతుందిగా అంది. నాన్న మురిసిపోయాడు. అక్కయ్యగారు బాగున్నారా, వానలు పడ్డాయా, మేకలు బాగున్నాయా అని ఒక్కొక్కటే అడిగాడు. మా అచోలీ భాషలో ఆయన అన్నది ఈవిడకూ, చిచేవాలో ఈవిడ అన్నది ఆయనకూ నేను చెబుతున్నాను. అంతవరకు హాయిగానే ఉంది.

అప్పుడు నాన్న, "లన్యేరో, అక్కయ్యకు చెప్పమ్మా. మా పిల్ల ఆ తాళం తీయించి మంచి పనే చేసింది, ఆమెను మనసులో ఏమీ పెట్టుకోవద్దను" అన్నాడు.

అవ్వ నా వంక చూసి, ఏమంటున్నాడంది. మీ ఆరోగ్యం అడుగుతున్నాడని చెప్పొచ్చు. అక్కడివాళ్లకు ఈ భాష రాదు, ఇక్కడివాళ్లకు ఆ భాష రాదు. మధ్యలో ఉన్నది నేనొక్కదాన్నే. నెల రోజులుగా ఆయనకు బాగుంది, బాగుంది అని చెప్పిన నోటికి ఇంకొక్క అబద్ధం బరువు కాదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మలీటా కళ్లు మూసుకుంది.

అవ్వ ఆలోచించింది. "తాళం తీశాక నలభై రోజులకి బోరింగు పాడైందని చెప్పు. పంతొమ్మిది రోజులు ఏటి నీళ్లు తాగామని చెప్పు. మలీటా చావు తప్పి బయటపడిందని చెప్పు. ఒక్కటీ మింగకు" అంది.

చెప్పాను. మలీటా పేరు దగ్గర ఆగిపోయి, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఒక్కటీ మింగలేదు.

లైను తెగిందేమోనని ఫోన్ వంక చూశాను. తెగలేదు, సెకన్లు నడుస్తున్నాయి. నాన్న నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఆవిడనడుగు," అన్నాడు చివరికి. "తాళం వేయాలని ఎలా తెలిసేది?"

అడిగాను. అవ్వ చెప్పింది. ముప్పై, నలభై, నలభై అయిదు. రాయి, పదకొండేళ్లు. నాన్న ఒక్కో అంకె మళ్లీ పలికించుకున్నాడు. ఇసుక పడే ముందు చప్పుడు మారిందా అని అడిగాడు. అవ్వ నాలుకతో ఆ చప్పుడు చేసి చూపించింది, గుటక పడ్డట్టు. దానికి తర్జుమా అక్కర్లేకపోయింది. నాన్న పెద్దగా నవ్వాడు, శిబిరంలో మూడో పంపు అచ్చం అలాగే మూలిగేదని. ఇక చూడాలి ఆ ఇద్దరినీ. రబ్బర్ల సంగతి, మూతల సంగతి, గట్టు పగుళ్ల సంగతి. నాకు నోరెండిపోయింది. మలీటా నీళ్లందించింది.

"నలభై ఏళ్లు పంపులు విప్పాను," అన్నాడు నాన్న. "పాడయ్యాక విప్పాను. పాడుకాకుండా కూర్చుని లెక్కపెట్టిన మనిషిని ఇంతవరకు చూళ్లేదు. ఆ మాట ఆవిడకు చెప్పు."

చెప్పాను. అవ్వ తల వంచుకుని కొంగు సర్దుకుంది. తరవాత తనూ ఒకటి చెప్పమంది. చాలాసేపు చెప్పింది. మీ అమ్మాయి పట్నం పారిపోలేదు, మాతోపాటే ఏటికొచ్చింది, సగం నెత్తిన, సగం వీపున మోసింది, తోలూడిన చేతుల్తో తాడు లాగింది, అడగడం నేర్చుకుంది, ఇలాంటి పిల్లను కన్నందుకు మీకు దండం అని.

నేను బాగున్నానని చెబుతోంది నాన్నా అన్నాను.

"అంతసేపు మాట్లాడింది, ఇంతేనా?" అన్నాడు.

అచోలీ ఒక్క ముక్క రాని మలీటా గోడ దగ్గర్నుంచి, "మింగేసింది చూడవ్వా, ఇది మాత్రం మింగేసింది" అంది.

పెట్టేసే ముందు, చెప్పకపోవడానికి కారణం మీ బీపీయే నాన్నా అన్నాను. దానికి మాత్రలు వేసుకుంటున్నానుగా అన్నాడు.

నవంబర్ 13

మొదటి వాన. ఉసుళ్లు లేచాయి. మలీటా పెనంలో వేయించింది. ఆమె తిన్నది చూస్తే నాకు కడుపు నిండింది.

నవంబర్ 16

ఆదివారం. చర్చి మెట్ల మీద ఈసారి నా మెసేజ్ వినిపించలేదట. ఎజెలినా అవ్వ గురించి నాన్నే నిలబడి చెప్పాడట, నా తప్పుతో సహా.

సాయంత్రం ఫోన్ చేశాడు. ఎలా ఉన్నావని అడగలేదు. ఈ రోజు ఎన్ని అని అడిగాడు. పొద్దున ముప్పై ఒకటి, సాయంత్రం ముప్పై నాలుగు అన్నాను.

నువ్వు లెక్కపెట్టావా, ఆవిడ లెక్కపెట్టిందా అన్నాడు.

ఇద్దరం అన్నాను, ఒకే రాయి మీద కూర్చుని.

అయితే సరే అన్నాడు.